ఇంగ్లీషులో మల్టీటాస్కింగ్ గురించి రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

రెజ్యూమె, కవర్ లెటర్, సెల్ఫ్ అప్రైజల్, ఆన్‌లైన్ దరఖాస్తు... ఎక్కడైనా సరే, 'చాలా పనులు ఒకేసారి చక్కబెట్టగలను' అని ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చేసరికి చాలామంది ఆగిపోతారు. లేదా అందరూ రాసే వాక్యమే రాసేసి ముందుకెళ్తారు. రెజ్యూమెలు సరిదిద్దేటప్పుడు పదేపదే ఎదురయ్యే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. ఇంగ్లీషు వాక్యాలను పలికే తీరులోనే తెలుగు లిపిలో ఇస్తున్నాను.

రెజ్యూమెలో 'మల్టీటాస్కింగ్' అనే మాట రాయొచ్చా, రాయకూడదా?

రాయొచ్చు. కాకపోతే ఆ మాట ఒక్కటే రాస్తే రాయనట్టే లెక్క. 'ఎక్సలెంట్ మల్టీటాస్కింగ్ స్కిల్స్' అని రాసుకున్నవాళ్ళలో నిజంగా పది పనులు నెట్టుకొచ్చేవాళ్ళూ ఉంటారు, ఒక్క పనికే తడబడేవాళ్ళూ ఉంటారు. చదివేవాళ్ళకు ఆ తేడా ఎలా తెలుస్తుంది? ఉద్యోగ ప్రకటనలో ఆ మాట ఉంటే మీ రెజ్యూమెలోనూ ఒక్కసారి, సమ్మరీలోనో స్కిల్స్ వరుసలోనో, ఉండనివ్వండి. ప్రకటనలో లేకపోతే దాని జోలికి పోనక్కర్లేదు. ఎక్స్‌పీరియన్స్ కింద రాసే వాక్యాలే ఆ సంగతి చెప్పాలి.

పైగా మీ కాగితం రిక్రూటర్ ముందు ఉండేది కొద్దిసేపే. ల్యాడర్స్ అనే ఉద్యోగాల వెబ్‌సైట్ సంస్థ కంటిచూపు కదలికలను గమనిస్తూ 2018లో చేసిన అధ్యయనంలో రెజ్యూమెను మొదటిసారి చూసి పక్కన పెట్టడానికి సగటున 7.4 సెకన్లు పట్టింది. అంత తక్కువ సమయంలో 'ఎక్సలెంట్', 'అవుట్‌స్టాండింగ్' లాంటి విశేషణాల మీద ఎవరి చూపూ ఆగదు.

మనిషి ఒకేసారి రెండు పనులు చేయలేడని పరిశోధనలు చెబుతున్నాయి కదా? మరి ఉద్యోగ ప్రకటనల్లో ఎందుకు అడుగుతారు?

దీనికి జవాబు దొరికితే మిగతా ప్రశ్నల్లో సగం వాటంతటవే తేలిపోతాయి. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

మల్టీటాస్కింగ్ అనే మాట 1960ల్లో కంప్యూటర్ రంగంలో పుట్టింది. ఒకే ప్రాసెసర్ ఉన్న యంత్రం అన్ని పనులూ ఒక్క క్షణంలో చేసేది కాదు. ఒకదాని నుంచి మరోదానికి గబగబా మారుతుంటే, చూసేవాళ్ళకు అన్నీ కలిసి నడుస్తున్నట్టు అనిపించేది. మనిషి కూడా చేసేది ఆ మారడమే. ఆలోచన అవసరమైన పనుల్లో మనకు అది ఉచితంగా జరగదు. మనస్తత్వవేత్త ఆర్థర్ జెర్సిల్డ్ 1927లోనే ఒక పని నుంచి ఇంకో పనికి మారుతూ ఉంటే వేగం తగ్గుతుందని ప్రయోగాల్లో చూపించాడు. పనులు క్లిష్టమైనకొద్దీ ఆ మారే సమయం పెరుగుతుందని 2001లో రూబిన్‌స్టైన్, మేయర్, ఎవాన్స్ ప్రచురించారు. పని మార్చినా మనసులో కొంత భాగం పాత పనిలోనే చిక్కుకుని ఉంటుందని 2009లో సోఫీ లెరోయ్ రాసింది. దాన్ని ఆమె 'అటెన్షన్ రెసిడ్యూ' అంది. యూటా విశ్వవిద్యాలయానికి చెందిన వాట్సన్, స్ట్రేయర్ 2010లో 200 మందికి డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో బండి నడుపుతూనే జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టారు. రెండు పనులు కలిసినా ఏ మాత్రం తగ్గనివాళ్ళు 2.5 శాతం మందే తేలారు.

ఉద్యోగ ప్రకటన రాసేవాళ్ళు వెతికేది ఆ 2.5 శాతం మందిని కాదు. అమెరికా కార్మిక శాఖ నడిపే ఓ-నెట్ అనే వృత్తుల సమాచార నిధిలో 'టైమ్ షేరింగ్' అని ఒక సామర్థ్యం ఉంది. రెండు లేదా అంతకన్నా ఎక్కువ పనుల మధ్య, సమాచార మార్గాల మధ్య అటూఇటూ మారగలగడం అని దాని నిర్వచనం. ఆ నిర్వచనంలో ఉన్నది మారడమే, ఏకకాలంలో చేయడం కాదు.

కాబట్టి యజమాని తెలుసుకోవాలనుకునేవి ఇవి: ఏది ముందు, ఏది ఆగొచ్చు అన్నది మీరు ఎలా తేల్చుకుంటారు? మధ్యలో ఆపిన పనిని ఎక్కడ ఆపారో అక్కణ్ణుంచే ఎలా అందుకుంటారు? ఆలస్యమయ్యేదాని గురించి ఎవరికి ఎప్పుడు చెబుతారు? ఈ మూడింటిలో ఒక్కదానికైనా జవాబు చెప్పే వాక్యం రాస్తే, మల్టీటాస్కింగ్ అనే మాట లేకపోయినా ఆ నైపుణ్యం కనిపిస్తుంది. వీటిలో దేన్నీ చెప్పని వాక్యంలో ఆ మాట మూడుసార్లు ఉన్నా ఉపయోగం లేదు.

పాటలు వింటూ, చాట్ చేస్తూ, పది ట్యాబులు తెరిచి కూడా పని పూర్తి చేస్తాను. ఇది రాయొచ్చా?

వద్దు. స్టాన్‌ఫర్డ్‌లో ఓఫిర్, నాస్, వాగ్నర్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకేసారి అనేక మాధ్యమాలు వాడే అలవాటు బాగా ఉన్నవాళ్ళు అనవసరమైనవాటిని పక్కన పెట్టడంలో మిగతావాళ్ళకన్నా వెనకబడ్డారు. ఈ సంగతి తెలిసిన మేనేజర్ మీ వాక్యాన్ని గొప్పగా తీసుకోడు.

ఆ మాటకు బదులు ఏ క్రియలు వాడాలి?

ఇంటర్నెట్‌లో ఇలాంటివి యాభై ఉన్న జాబితాలు దొరుకుతాయి. వాటిలో ఒకదాని బదులు ఇంకోటి పెట్టేయొచ్చు అనుకోవడమే చిక్కు. ఒక్కో క్రియ ఒక్కో సంగతి చెబుతుంది.

'ప్రయారిటైజ్డ్' అంటే వరుస మీరే నిర్ణయించారు. నా దృష్టిలో ఈ నైపుణ్యానికి అన్నిటికన్నా దగ్గరి క్రియ ఇదే. అయితే దాని వెంట దేని ఆధారంగా నిర్ణయించారో రావాలి: 'ప్రయారిటైజ్డ్ ఇన్‌కమింగ్ రిక్వెస్ట్స్ బై డెడ్‌లైన్ అండ్ క్లయింట్ ఇంపాక్ట్'. ఆధారం చెప్పకపోతే ఇది కూడా ఉత్త మాటే.

'బ్యాలెన్స్డ్' రాస్తే రెండు వైపులూ చూపించాలి, మధ్యలో 'విత్' పడాలి: 'బ్యాలెన్స్డ్ డైలీ సపోర్ట్ టికెట్స్ విత్ ఎ లాంగ్ టర్మ్ మైగ్రేషన్ ప్రాజెక్ట్'. రోజువారీ పని ఒకవైపు, నెలల తరబడి సాగే పని మరోవైపు ఉన్నవాళ్ళకు ఇది అతికినట్టు సరిపోతుంది.

'కోఆర్డినేటెడ్' అనగానే ఇతరులు ఉన్నారని అర్థం. ఒంటరిగా చేసిన పనికి వాడితే ఇంటర్వ్యూలో 'ఎవరెవరితో?' అని అడుగుతారు. 'ఓవర్‌సా' అయితే మీకు అధికారం ఉందని చెప్పడమే. మీ కింద ఎవరూ పని చేయకపోతే ఆ మాట జోలికి పోకండి.

'జగుల్డ్' కాస్త వాడుక భాష. కిందామీదా పడ్డారన్న ఛాయ కూడా అందులో ఉంది. కవర్ లెటర్‌లో ఒకసారి పరవాలేదు గానీ రెజ్యూమెలో 'మేనేజ్డ్' నయం. 'ట్రయాజ్డ్' అంటే తీవ్రతను బట్టి వరుస తేల్చడం, అత్యవసర వైద్యంలో వాడే మాట; సాఫ్ట్‌వేర్ సపోర్ట్‌లోనూ బాగా నడుస్తోంది. ఆ రెండు రంగాలకు బయట రాస్తే అతిగా ఉంటుంది. 'హ్యాండిల్డ్' సాదా క్రియ, అందరూ వాడి వాడి అరిగిపోయింది. అయినా 'స్పియర్‌హెడెడ్' లాంటి ఆడంబరం కన్నా అదే మేలు.

ఇక 'వోర్ మెనీ హ్యాట్స్'. దీన్ని చాలామంది మల్టీటాస్కింగ్‌కు పర్యాయపదం అనుకుంటారు. కాదు. చిన్న సంస్థలో ఒకే మనిషి అకౌంట్స్, నియామకాలు, కొనుగోళ్ళు చూసుకుంటే, అంటే పాత్రలు వేరువేరైతే, అప్పుడు వాడే మాట అది. అవన్నీ ఒకే గంటలో చేశారని అందులో లేదు.

'సైమల్టేనియస్లీ', 'కంకరెంట్లీ', 'ఇన్ పారలల్'... వీటిలో ఏది?

'సైమల్టేనియస్లీ' అదే క్షణాన జరిగేవాటికి నప్పుతుంది: ఒక చేత్తో ఇది, ఇంకో చేత్తో అది. ప్రాజెక్టుల్లాంటి వారాల తరబడి సాగే పనులకు 'కంకరెంట్లీ' నప్పుతుంది: 'మేనేజ్డ్ ఫోర్ ప్రాజెక్ట్స్ కంకరెంట్లీ'. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పక్కపక్కన నడిచేవాటికి 'ఇన్ పారలల్'. అసలు పని ఒకటి, తోడుగా ఇంకోటి ఉంటే 'అలాంగ్‌సైడ్' పొందిగ్గా ఉంటుంది. ఒకే వాక్యంలో 'మల్టిపుల్' రాసి 'సైమల్టేనియస్లీ' కూడా రాయడం, ఆపైన 'ఎట్ ద సేమ్ టైమ్' తగిలించడం చూస్తుంటాను. ఒకటి చాలు.

మంచి బుల్లెట్ పాయింట్ ఎలా తయారవుతుందో చూపిస్తారా?

ఫ్రంట్ ఆఫీసులో పని చేసినవాళ్ళు సాధారణంగా ఇలా రాస్తారు: 'రెస్పాన్సిబుల్ ఫర్ హ్యాండ్లింగ్ మల్టిపుల్ టాస్క్స్ ఇన్ ఎ ఫాస్ట్ పేస్డ్ ఎన్విరాన్‌మెంట్'.

ఇందులో ఏ పనో లేదు, ఎన్నో లేదు, ఏమైందో లేదు. 'రెస్పాన్సిబుల్ ఫర్' అన్నది మీకు అప్పగించిన సంగతే చెబుతుంది, మీరు చేశారో లేదో చెప్పదు. ముందుగా దాన్ని తీసేసి పనుల పేర్లు పెడదాం: 'ఆన్సర్డ్ ఎ సిక్స్ లైన్ స్విచ్‌బోర్డ్ వైల్ చెకింగ్ ఇన్ విజిటర్స్ అండ్ సార్టింగ్ ఇన్‌కమింగ్ మెయిల్'. ఇప్పుడు కళ్ళకు ఏదో కనిపిస్తోంది. కానీ ఇక్కడితో ఆపితే మీరు బిజీగా ఉన్నారని మాత్రమే తెలుస్తుంది. అన్నీ చేస్తూ సగం కాల్స్ వదిలేసి ఉండొచ్చు కదా?

అందుకని ఇంకో అడుగు: 'ఆన్సర్డ్ ఎ సిక్స్ లైన్ స్విచ్‌బోర్డ్ వైల్ చెకింగ్ ఇన్ అప్ టు 80 విజిటర్స్ ఎ డే, సెట్ అప్ ఎ కాల్‌బ్యాక్ లాగ్ సో దట్ నో మెసేజ్ వెయిటెడ్ ఓవర్‌నైట్'.

ఇందులో ప్రాణం 80 అనే అంకెలో లేదు, 'కాల్‌బ్యాక్ లాగ్' (తిరిగి ఫోన్ చేయాల్సినవాళ్ళ చిట్టా) అనే రెండు మాటల్లో ఉంది. రెండు పనులు ఢీకొంటాయని మీకు ముందే తెలుసు, దానికో ఏర్పాటు చేసుకున్నారు, ఆ ఏర్పాటు పని చేసింది. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు కూడా దాని గురించే అడుగుతారు. అంటే సంభాషణ మీకు తెలిసిన చోటే మొదలవుతుంది.

అకౌంట్స్ నుంచి ఒకటి: 'క్లోజ్డ్ మంత్ ఎండ్ బుక్స్ ఫర్ త్రీ ఎంటిటీస్ వైల్ సపోర్టింగ్ ద యాన్యువల్ ఆడిట్, షేర్డ్ ఎ వీక్లీ స్టేటస్ షీట్ విత్ ఆడిటర్స్ టు ప్రివెంట్ లాస్ట్ మినిట్ రిక్వెస్ట్స్'. ఇక్కడ ఏర్పాటు వారం వారం పంపే స్టేటస్ షీట్. ఆస్పత్రి నుంచి ఒకటి: 'కేర్డ్ ఫర్ ఫైవ్ పోస్ట్ సర్జికల్ పేషెంట్స్ పర్ షిఫ్ట్, రీఆర్డరింగ్ రౌండ్స్ యాజ్ కండిషన్స్ చేంజ్డ్'. నర్సుల విషయంలో పనుల సంఖ్య కన్నా ఆ చివరి ముక్క విలువైనది. పరిస్థితి మారితే వరుస మార్చుకోగలరని అది చెబుతోంది.

ఒక బుల్లెట్‌లో రెండు పనులు, మహా అయితే మూడు. ఐదు కామాలు పడ్డాయంటే అది జాబితా అయిపోయింది. 'వైల్' తర్వాత వచ్చేది నేపథ్యంలో నడిచే పని, దాని ముందున్నది ప్రధానమైన పని. ఈ వరుస తలకిందులైతే వాక్యం బరువు తప్పుడు చోట పడుతుంది.

నా దగ్గర అంకెలేమీ లేవు. కల్పించి రాయనా?

కల్పించకండి. 'ఎఫిషియెన్సీ 40 శాతం పెంచాను' అని రాసి, ఎలా కొలిచారని అడిగితే తెల్లమొహం వేయడం కన్నా అంకె లేకపోవడమే మంచిది. శాతాలు తెలియకపోయినా లెక్కించగలిగేవి ఉంటాయి: ఎన్ని టీమ్‌లు, ఎంతమంది క్లయింట్లు, రోజుకా వారానికా, ఎన్ని రకాల గడువులు. అవీ గుర్తులేకపోతే పరిధి చెప్పండి: 'అక్రాస్ టూ డిపార్ట్‌మెంట్స్', 'డ్యూరింగ్ పీక్ సీజన్', 'వైల్ కవరింగ్ ఫర్ ఎ కొలీగ్ ఆన్ లీవ్'. ఈ చివరిది చాలామందికి తట్టదు. సెలవులో ఉన్నవాళ్ళ పని కూడా మోయడం కన్నా గట్టి సాక్ష్యం ఏముంటుంది?

తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేటప్పుడు ఎక్కువగా దొర్లే తప్పులేవి?

అన్నిటికన్నా ముందు 'మల్టిపుల్ వర్క్స్'. పనులు అని బహువచనంలో అనడం మనకు అలవాటు కాబట్టి 'వర్క్స్' అనేస్తాం. ఉద్యోగం చేసే పని అన్న అర్థంలో 'వర్క్' కు ఇంగ్లీషులో బహువచనం ఉండదు. 'మల్టిపుల్ టాస్క్స్' అనో 'సెవరల్ ప్రాజెక్ట్స్' అనో రాయాలి.

'గుడ్ ఇన్ మల్టీటాస్కింగ్' కాదు, 'గుడ్ ఎట్'. 'అడెప్ట్' తర్వాత కూడా 'ఎట్' వస్తుంది. 'కేపబుల్' తర్వాత 'ఆఫ్', ఆ వెంట ఐఎన్‌జీ రూపం: 'కేపబుల్ ఆఫ్ మేనేజింగ్'. 'ఏబుల్' తర్వాత 'టు మేనేజ్'. ఈ రెండూ కలిసిపోయి 'కేపబుల్ టు మేనేజ్' అని వస్తుంటుంది. ఒత్తిడిలో పని చేయడం 'అండర్ ప్రెషర్', 'ఇన్ ప్రెషర్' కాదు. 'ఐ యామ్ హ్యావింగ్ ఎక్స్‌పీరియన్స్' అని రాయకండి, 'ఐ హ్యావ్ ఎక్స్‌పీరియన్స్' చాలు. 'పారలల్లీ' మన దగ్గర మాటల్లో బాగా నడుస్తుంది గానీ బయటి పాఠకులకు కొత్తగా అనిపిస్తుంది. 'ఇన్ పారలల్' రాయండి.

ఇంకో తప్పు కాస్త లోతైనది, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళూ చేస్తారు. 'వైల్ ఆన్సరింగ్ కాల్స్, ద రిపోర్ట్స్ వర్ కంప్లీటెడ్'. ఈ వాక్యం ప్రకారం కాల్స్ ఎత్తింది రిపోర్టులే! 'వైల్' తర్వాతి పని చేసింది ఎవరో, వాక్యంలో కర్త వాళ్ళే కావాలి: 'వైల్ ఆన్సరింగ్ కాల్స్, ఐ కంప్లీటెడ్ ద రిపోర్ట్స్'. తెలుగులో కర్త చెప్పకపోయినా అర్థమైపోతుంది కాబట్టి మన చెవికి ఇది తప్పుగా వినిపించదు.

క్రియల రూపాలూ ఒకేలా ఉండాలి. 'మేనేజ్డ్ షెడ్యూల్స్, ట్రైనింగ్ స్టాఫ్ అండ్ టు ప్రిపేర్ రిపోర్ట్స్' అని మూడు రూపాలు కలిపితే చదవడం కష్టం. 'మేనేజ్డ్, ట్రెయిన్డ్, ప్రిపేర్డ్' అని ఒక్క వరుసలో పెట్టండి. వదిలేసిన ఉద్యోగానికి భూతకాలం, ఇప్పుడు చేస్తున్నదానికి వర్తమానం. రెజ్యూమె బుల్లెట్లలో 'ఐ' అక్కర్లేదు, కవర్ లెటర్‌లో కావాలి.

నేను ఫ్రెషర్ని. ఉద్యోగమే చేయలేదు, ఏం రాయను?

చదువుతో పాటు ఇంకేం చేశారో అదే. పార్ట్ టైమ్ పని, ప్రాజెక్టు, క్లబ్ బాధ్యత, ఇంటర్న్‌షిప్... వీటిలో ఏ రెండు కలిసి నడిచినా సరిపోతుంది. 'కంప్లీటెడ్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ అలాంగ్‌సైడ్ ఎ 20 అవర్ పర్ వీక్ ఇంటర్న్‌షిప్, డెలివరింగ్ బోత్ ఆన్ షెడ్యూల్'. వారానికి ఎన్ని గంటలో రాయడం ఇక్కడ కీలకం, ఎందుకంటే బరువు ఎంతో అది చెబుతుంది. 'హార్డ్‌వర్కింగ్ అండ్ డైనమిక్ ఫ్రెషర్ విత్ ఎబిలిటీ టు మల్టీటాస్క్' అనే వాక్యం మాత్రం దయచేసి వదిలేయండి. దాన్ని ఎవరు మొదలుపెట్టారో గానీ ఒకరి రెజ్యూమె నుంచి ఇంకొకరి రెజ్యూమెలోకి అలా పాకుతూనే ఉంది.

కొన్నేళ్ళు ఇంటి బాధ్యతల్లో ఉన్నాను. ఆ అనుభవం లెక్కలోకి వస్తుందా?

వస్తుంది, కానీ 'సీఈఓ ఆఫ్ ద హోమ్' లాంటి చమత్కారాలు వద్దు. కొందరు నవ్వుతారు, కొందరు విసుక్కుంటారు, ఇద్దరివల్లా మీకు లాభం లేదు. విరామాన్ని ఒక్క పంక్తిలో సూటిగా రాయండి: 'కెరీర్ బ్రేక్ ఫర్ ఫుల్ టైమ్ కేర్‌గివింగ్'. ఆ కాలంలో కోర్సు చదివి ఉంటే, స్వచ్ఛంద సంస్థకు లెక్కలు రాసిపెట్టి ఉంటే, దాన్ని కింద బుల్లెట్‌గా చేర్చండి. బాధ్యతల మధ్య కోర్సు పూర్తి చేయడమే మల్టీటాస్కింగ్‌కు రుజువు, వేరే మాట కలపక్కర్లేదు.

కవర్ లెటర్‌లో ఎంత రాయాలి?

ఒక్క సంఘటన, మూడు నాలుగు వాక్యాలు. రెజ్యూమెలో పట్టనిది ఇక్కడ పడుతుంది: రెండు పనులు ఢీకొన్నప్పుడు మీరు ఏమనుకున్నారు అన్నది.

నమూనాగా: 'లాస్ట్ ఇయర్, టూ ఆఫ్ మై క్లయింట్స్ మూవ్డ్ దెయిర్ లాంచ్ డేట్స్ టు ద సేమ్ వీక్. ఐ లిస్టెడ్ వాట్ ఈచ్ లాంచ్ కుడ్ నాట్ గో ఎహెడ్ వితౌట్, అండ్ ఆస్క్‌డ్ బోత్ క్లయింట్స్ టు కన్ఫర్మ్ దట్ లిస్ట్. ఎవ్రీథింగ్ ఎల్స్ వాజ్ షెడ్యూల్డ్ ఫర్ ద ఫాలోయింగ్ వీక్. బోత్ సైట్స్ వెంట్ లైవ్ ఆన్ టైమ్.'

చూడండి, ఇందులో గొప్పలు లేవు. కొన్ని పనులు వాయిదా వేశానని కూడా ఒప్పుకుంటోంది. 'అన్నీ చేసేశాను' అనేవాళ్ళ కన్నా 'ఇవి ఆపాను, చెప్పి ఆపాను' అనేవాళ్ళ మాట నమ్మడం తేలిక. ఇది కాపీ చేసుకోవడానికి ఇచ్చింది కాదని వేరే చెప్పక్కర్లేదు కదా.

ఆన్‌లైన్ దరఖాస్తులో 'డిస్క్రైబ్ ఎ టైమ్ వెన్ యూ మేనేజ్డ్ కాంపీటింగ్ ప్రయారిటీస్' అని అడిగారు. ఎలా రాయాలి?

స్టార్ పద్ధతి అందరికీ తెలిసిందే: సిచ్యుయేషన్, టాస్క్, యాక్షన్, రిజల్ట్. తెలిసినా దాదాపు అందరూ సిచ్యుయేషన్ మీదే సగం మాటలు ఖర్చు పెట్టేస్తారు. సంస్థ ఎంత పెద్దది, మేనేజర్ ఎందుకు సెలవు పెట్టారు, సర్వర్ ఎప్పుడు ఆగింది... ఇవి రెండు వాక్యాల్లో ముగించాలి. యాక్షన్‌కు సగానికి పైగా చోటు ఇవ్వండి. అక్కడ కూడా 'వియ్' తగ్గించి 'ఐ' పెంచండి. 'మేము' అనడం మనకు మర్యాద. కానీ ఆ జవాబుకు మార్కులు వేసేవాళ్ళకు మీ వంతు ఏమిటో అందులో కనిపించదు.

'కాంపీటింగ్ ప్రయారిటీస్' అన్న మాటను గమనించండి. వాళ్ళు అడిగింది పనులు ఎక్కువైన రోజు గురించి కాదు, రెండూ ముఖ్యమే అయి ఒకదానికే సమయం ఉన్న రోజు గురించి. ఎన్నుకోవాల్సి రాని సంఘటన రాస్తే, ఎంత బాగా రాసినా ప్రశ్నకు జవాబు కాదు.

సంస్థలు దరఖాస్తులను వడపోయడానికి వాడే ఏటీఎస్ సాఫ్ట్‌వేర్ కోసం 'మల్టీటాస్కింగ్' అనే మాట ఎన్నిసార్లు పెట్టాలి?

ఒకసారి, ప్రకటనలో ఉన్న రూపంలోనే. వాళ్ళు 'ఎబిలిటీ టు మేనేజ్ మల్టిపుల్ ప్రయారిటీస్' అంటే అదే పదబంధం వాడండి. ఆ మాటను తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాల్లో దాచి పెట్టడం లాంటి చిట్కాలు వద్దు. సాఫ్ట్‌వేర్ రెజ్యూమెలోని పాఠాన్ని బయటికి లాగినప్పుడు అవన్నీ మనిషి కంటికి కనిపిస్తాయి.

ఈ నైపుణ్యం గురించి రాయకూడని ఉద్యోగాలు ఉన్నాయా?

ఉన్నాయి. రిసెప్షన్, ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్, ఈవెంట్ నిర్వహణ, అత్యవసర వైద్యం, కస్టమర్ సపోర్ట్... వీటిలో అంతరాయమే పని. అక్కడ తప్పకుండా రాయండి. ప్రూఫ్‌రీడింగ్, డేటా విశ్లేషణ, పరిశోధన, న్యాయపత్రాల పరిశీలన లాంటి చోట్ల ఏకాగ్రతే సరుకు. అక్కడ 'మల్టీటాస్కర్' అని గొప్పగా చెప్పుకుంటే ఎదురు తిరగొచ్చు. అలాంటి ఉద్యోగానికి అదే అనుభవాన్ని ఇంకోలా చెప్పండి: 'ప్లాన్డ్ అన్‌ఇంటరప్టెడ్ రివ్యూ బ్లాక్స్ వైల్ మీటింగ్ డెడ్‌లైన్స్ ఫర్ త్రీ పబ్లికేషన్స్'. మూడు పత్రికల పని ఉంది, కానీ ఒక్కోదానికి విడిగా సమయం కేటాయించారు.

సాఫ్ట్‌వేర్ డెవలపర్లది మధ్యస్థం. కాన్‌బాన్ పద్ధతిలో పని చేసే టీమ్‌లు చేతిలో ఉన్న పనుల సంఖ్యకు కావాలనే పరిమితి పెట్టుకుంటాయి. అలాంటి టీమ్‌కు దరఖాస్తు చేస్తూ 'ఒకేసారి ఎనిమిది టాస్కులు' అని రాస్తే మీకు ఆ పద్ధతి తెలియదని వాళ్ళకు తెలిసిపోతుంది.

సెల్ఫ్ అప్రైజల్‌లో ఎలా రాసుకోవాలి? మేనేజర్‌కు అన్నీ తెలుసు కదా?

తెలియదు. మేనేజర్ చూసేది పూర్తయిన పనులనే, వాటి మధ్య మీరు పడిన పాట్లు ఎవరికీ కనిపించవు. 'ఐ మల్టీటాస్క్‌డ్ ఎఫెక్టివ్లీ దిస్ ఇయర్' అనే బదులు, అనుకోకుండా వచ్చి పడిన పని పేరు, దాని వల్ల పక్కకు జరిగిన పని పేరు, రెండూ ఎప్పుడు ముగిశాయో రాయండి. 'వెన్ ద వెండర్ మైగ్రేషన్ వాజ్ యాడెడ్ ఇన్ ఆగస్ట్, ఐ మూవ్డ్ ద రిపోర్టింగ్ అప్‌డేట్ టు సెప్టెంబర్ విత్ యువర్ అప్రూవల్ అండ్ కంప్లీటెడ్ బోత్ బిఫోర్ క్వార్టర్ ఎండ్'. 'విత్ యువర్ అప్రూవల్' అన్న ముక్క చిన్నదే అయినా, చెప్పకుండా వాయిదా వేయలేదని గుర్తు చేస్తుంది.

పనులు నిజంగానే ఎక్కువైపోయాయి. ఇంగ్లీషులో మెయిల్ రాస్తే మల్టీటాస్కింగ్ రాదనుకుంటారేమో?

సరిగ్గా రాస్తే అలా అనుకోరు. 'ఐ యామ్ ఓవర్‌లోడెడ్, ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్' అంటే ఫిర్యాదులా ఉంటుంది. నిర్ణయం అడిగే మెయిల్ రాయండి: 'ఐ కరెంట్లీ హ్యావ్ ద ఆడిట్ ఫైల్స్ అండ్ ద క్లయింట్ డెక్, బోత్ డ్యూ థర్స్‌డే. ఐ కెన్ ఫినిష్ వన్ బై దెన్. ఐ సజెస్ట్ ద ఆడిట్ ఫైల్స్ ఫస్ట్ అండ్ ద డెక్ ఆన్ మండే. ప్లీజ్ లెట్ మీ నో ఇఫ్ యూ వుడ్ ప్రిఫర్ ఇట్ ద అదర్ వే రౌండ్.' నాలుగు వాక్యాలు. సమస్య, పరిమితి, మీ ప్రతిపాదన, వాళ్ళకు అవకాశం. ఇలాంటి మెయిల్ రాయగలగడమే ఈ నైపుణ్యంలో పెద్ద భాగం.

'మల్టీటాస్కింగ్' మధ్యలో హైఫన్ ఉండాలా?

అక్కర్లేదు, ఒకే పదంగా రాయడమే ఇప్పటి వాడుక. పాత రాతల్లో హైఫన్ కనిపిస్తుంది, తప్పు కాదు. ఒక రూపం ఎంచుకుని చివరిదాకా అదే ఉంచండి. 'ప్రయారిటైజ్' కూడా అంతే: అమెరికా పద్ధతిలో జెడ్, బ్రిటిష్ పద్ధతిలో ఎక్కువగా ఎస్. ఒకే కాగితంలో రెండూ కలపొద్దు.

ఏఐ టూల్‌తో రాయించుకోవచ్చా?

వ్యాకరణం సరిచూసుకోవడానికి నిక్షేపంగా. మొదటి నుంచి రాయించుకుంటే మాత్రం 'సీమ్‌లెస్లీ మేనేజ్డ్ డైవర్స్ రెస్పాన్సిబిలిటీస్' లాంటివే వస్తాయి, ఎందుకంటే మీ కాల్‌బ్యాక్ లాగ్ సంగతి దానికి తెలియదు. ముందు మీరే తెలుగులో, ఎలా పడితే అలా, ఏం జరిగిందో రాసుకోండి. దాన్ని ఇంగ్లీషులోకి మార్చమనండి. మార్చినదాంట్లో మీరు చెప్పని విశేషణాలు చేరి ఉంటాయి, వాటిని కొట్టేయండి.

నా దగ్గర పని చేసినవాళ్ళకు రికమెండేషన్ లెటర్ రాయాలి. తేడా ఏమైనా ఉందా?

ఉంది. వాళ్ళు తమ గురించి రాసుకోలేనిది మీరు రాయగలరు: వాళ్ళు ఉండటం వల్ల మీకు ఏ బెంగ తప్పిందో. 'షీ ఈజ్ ఎ గ్రేట్ మల్టీటాస్కర్' అనే బదులు, 'వెన్ త్రీ రిక్వెస్ట్స్ కేమ్ ఇన్ ఎట్ వన్స్, ఐ నెవర్ హ్యాడ్ టు ఆస్క్ హర్ విచ్ వన్ షి హ్యాడ్ స్టార్టెడ్ విత్. షి హ్యాడ్ ఆల్రెడీ టోల్డ్ మీ' అని రాయండి. అది నిజమైతేనే సుమా. కాకపోతే ఆ మనిషి నిజంగా బాగా చేసే ఇంకో పని గురించి రాయండి.